గృహ చోరీ నిరోధం: భద్రతా, నిఘా సాధనాలు

ఇంటివారు లేని వేళనో నిద్రలో ఉన్న వేళనో ఇంట్లోకి చొరబడి సొత్తు అపహరించే నేరాన్ని అడ్డుకోవడానికి, అడ్డుకోలేనప్పుడు దాన్ని జరుగుతుండగానే పసిగట్టడానికి, అదీ వీలుపడనప్పుడు నేరస్థుణ్ణి తర్వాతైనా గుర్తించడానికి వాడే తాళాలు, గ్రిల్స్, సెన్సర్లు, అలారాలు, కెమెరాలు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే సమాచార వ్యవస్థలు అన్నీ గృహ భద్రతా సాధనాల కిందికి వస్తాయి. వీటి పనితనాన్ని లెక్కగట్టడానికి భద్రతా రంగంలో స్థిరపడిన సూత్రం ఒకటుంది. చొరబాటు జరుగుతున్నదని తెలిసిన క్షణం నుంచి దొంగ సొత్తుతో బయటపడే క్షణం దాకా పట్టే కాలం, ఇరుగుపొరుగో పోలీసులో అక్కడికి చేరడానికి పట్టే కాలం కన్నా ఎక్కువ ఉండాలి. తలుపు, తాళం, గ్రిల్ ఈ కాలాన్ని పొడిగిస్తాయి. సెన్సర్ దాన్ని లెక్కించడం మొదలుపెడుతుంది. ఎవరూ చూడని కెమెరా మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది జరిగినదాన్ని నమోదు చేసి ఊరుకుంటుంది. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో గత 2 దశాబ్దాలుగా ఇంటి భద్రత అంటే సీసీ కెమెరా అన్న భావన బలపడి, గోడ మీద 4 కెమెరాలూ వెనక తలుపుకు చిన్న టవర్ బోల్టూ ఉన్న ఇళ్లు సర్వసాధారణమయ్యాయి గనుక ఈ క్రమాన్ని ముందే చెప్పుకోవలసి వస్తున్నది.

నేర స్వరూపం, చట్టం

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దొంగతనాన్ని నిర్వచిస్తుంది. నివాస గృహంలో జరిగే దొంగతనానికి 305వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. 330వ సెక్షన్ ఇల్లు భేదించి చొరబడడం అంటే ఏమిటో వివరిస్తూ, గోడకు కన్నం వేయడం, గోడ ఎక్కి దూకడం, మనుషులు రావడానికి ఉద్దేశించని మార్గంలో దూరడం, తాళం తీయడం, బలప్రయోగం చేయడం వంటి ఆరు పద్ధతులను పేర్కొంటుంది. దొంగతనం చేయాలన్న ఉద్దేశంతో ఇలా చొరబడితే 331వ సెక్షన్ ప్రకారం 10 ఏళ్ల వరకు, అదే సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగితే 14 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. పోలీసు రికార్డుల్లో పగటి చోరీ, రాత్రి చోరీ అని వేరువేరుగా నమోదు చేయడానికి ఈ తేడాయే ఆధారం.

ఇంటి దొంగతనాల్లో ఎక్కువ భాగం సాంకేతిక నైపుణ్యంతో కాక అవకాశాన్ని చూసుకుని జరిగేవే. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినప్పుడు, వేసవి సెలవుల్లో, పెళ్లిళ్ల ముహూర్తాల రోజుల్లో, తిరుపతికో షిర్డీకో బయలుదేరినప్పుడు ఇళ్లు మూసి ఉంటాయన్నది దొంగలకూ తెలిసిందే. చోరీకి ముందు వీధిలో తిరిగి పరిశీలించడాన్ని పోలీసులు రెక్కీ అంటారు. ఆ పరిశీలనలో కనబడే గుర్తులు చాలా చిన్నవి: గేటుకు బయటి నుంచి వేసిన తాళం కప్ప, గేటు సందులో పోగుపడిన దినపత్రికలు, మెట్ల మీద మిగిలిపోయిన పాల ప్యాకెట్, పొద్దున ముగ్గు పడని వాకిలి, పగలు కూడా వెలుగుతున్న వరండా దీపం. ఈ గుర్తులను తుడిచేయడానికి నమ్మకమైన పొరుగువారు చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. ఊరు వెళ్తున్నామని, ఎక్కడున్నామని సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు పెట్టవద్దని పోలీసులు ఏటా పండుగల ముందు చెప్పే మాట కూడా ఈ కోవలోదే.

నేరం చేసేదెవరన్న విషయంలో పాతకాలపు ఊహలు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. 1871లో వలస ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసి, బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచింది. ఆ చట్టం 1952లో రద్దయినా ఊరి పేరు చెప్పి మనుషులను అనుమానించే అలవాటు సినిమాల్లోనూ మాటల్లోనూ కొనసాగింది. గేటెడ్ కాలనీల ప్రవేశద్వారం దగ్గర పనివాళ్లను మాత్రమే ఆపి సంచులు వెతికే ఆచారం దీనికి కొత్త రూపం అనుకోవచ్చు. దానివల్ల భద్రత పెరిగిన దాఖలా లేదు.

పూర్వరంగం

సంస్కృత సాహిత్యంలో ఇంటి దొంగతనం ఒక కళగా వర్ణితమైంది. శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేయబోతూ, కొలతాడు మరిచిపోయినందున తన జంధ్యంతోనే కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో ఉండాలో, గోడలో తడిసి మెత్తబడిన చోటు ఎక్కడో ముందుగా ఆలోచిస్తాడు. దండి రాసిన దశకుమార చరితంలో అపహారవర్మ వెంట తీసుకుపోయే పరికరాల్లో కన్నంలోకి ముందుగా చొప్పించి చూసే మనిషి తల బొమ్మ, దీపం మీదికి వదిలి దాన్ని ఆర్పించే పురుగుల పెట్టె ఉన్నాయి. ఆ కథను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. లోపల మెలకువగా ఎవరైనా ఉన్నారేమో పరీక్షించడం, ఇంట్లో వెలుగు లేకుండా చేయడం నేటి దొంగ కూడా చేసే పనులే. ఇప్పుడు కాలింగ్ బెల్ నొక్కి చూస్తారు, మెయిన్ స్విచ్ ఆపేస్తారు.

మట్టిగోడల ఇళ్లకు కన్నమే ప్రధాన ప్రమాదం కాబట్టి విలువైన వస్తువులను గోడకు దూరంగా ఇంటి నడిమి గదిలో, కదపలేనంత బరువైన భోషాణంలో దాచేవారు. మండువా ఇళ్లలో ఆకాశం కనబడే చోట ఇనుప కమ్ముల చట్రం బిగించడం, తలుపు వెనక అడ్డగడియ వేయడం, ప్రహరీ గోడ మీద గాజు పెంకులు గుచ్చడం తరతరాలుగా సాగిన పద్ధతులు. ఊరికి తలారి కాపలా, పట్టణాల్లో రాత్రివేళ కర్ర చప్పుడుతో విజిల్ వేస్తూ తిరిగే గూర్ఖా కాపలా ఉండేవి. ఇటుక, సిమెంటు కట్టడాలు వచ్చాక కన్నాలు తగ్గి, దాడి తలుపు మీదికీ తాళం మీదికీ మళ్లింది.

ఆధునిక తాళం 18, 19 శతాబ్దాల ఇంగ్లండు, అమెరికాల్లో రూపుదిద్దుకున్నది. 1778లో రాబర్ట్ బ్యారన్ లివర్ తాళాన్ని, 1784లో జోసెఫ్ బ్రామా మరో రకం తాళాన్ని రూపొందించగా, 1818లో జెరెమయా చబ్ తయారుచేసిన తాళం ఎవరైనా దొంగతాళంతో తీయబోతే బిగుసుకుపోయి ఆ సంగతిని యజమానికి తెలిపేది. 1851 లండన్ మహాప్రదర్శన సందర్భంగా అమెరికన్ తాళాల నిపుణుడు ఎ.సి. హాబ్స్ ఈ ప్రసిద్ధ తాళాలను బహిరంగంగా తీసి చూపించి, ఏ తాళమూ అభేద్యం కాదని రుజువు చేశాడు. బ్రామా తాళానికి అతనికి 51 గంటలు పట్టింది, అంటే దొంగకు దొరకనంత సమయం. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టి 1902లో ఇనప్పెట్టెల తయారీకి పూనుకున్నాడు. అలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ చేతిపని తాళాలకు పేరుపొందాయి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

విద్యుత్ అలారానికి ఆద్యుడు అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన అగస్టస్ రసెల్ పోప్. తలుపులకూ కిటికీలకూ తీగలు అమర్చి, అవి తెరుచుకుంటే గంట మోగే ఏర్పాటుకు అతడు 1853లో పేటెంట్ పొందాడు. ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దాన్ని వ్యాపారంగా విస్తరించాడు. ఇంట్లో కెమెరా పెట్టుకోవాలన్న ఆలోచన న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో నివసించిన నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్‌ది. తలుపుకు నాలుగు కంతలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో తెర, వచ్చినవారితో మాట్లాడే మైకు, దూరం నుంచే గడియ తీసే మీట, సహాయం కోసం నొక్కే బటన్ ఉన్న ఈ వ్యవస్థకు ఆమె, భర్త ఆల్బర్ట్ కలిసి 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరులో పేటెంట్ వచ్చింది. నేటి వీడియో డోర్ ఫోన్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి.

తలుపు, తాళం, గ్రిల్

చోరీ వార్తల్లో తరచుగా కనిపించేది తాళం పగలగొట్టి లోపలికి ప్రవేశించారన్న వాక్యమే అయినా, చాలా సందర్భాల్లో పగిలేది తాళం కాదు. తెలుగు ఇళ్లలో వీధి తలుపుకు బయట ఆల్‌డ్రాప్ గానీ గొళ్లెం గానీ బిగించి దానికి తాళం కప్ప వేస్తారు. ఆ గొళ్లేన్ని పట్టి ఉంచేవి అరంగుళం లేదా ముప్పావు అంగుళం చెక్క మరలు నాలుగైదు మాత్రమే. తలుపుకూ గొళ్లేనికీ మధ్య ఇనుప రాడ్డు దూర్చి ఒక్కసారి ఎత్తితే మరలు చెక్కతో సహా ఊడివస్తాయి. 7 లివర్ల ఖరీదైన తాళం కప్ప చెక్కుచెదరకుండా గొళ్లేనికి వేలాడుతూ ఉంటుంది. గొళ్లేన్ని మరలతో కాక తలుపు మందమంతా దాటి లోపలి వైపు నట్లు పడే బోల్టులతో బిగించడం, బయట కనబడే బోల్టు తల నున్నగా ఉండి స్పానర్‌కు చిక్కకుండా చూడడం ఒక పూట వడ్రంగి పని.

బయటి తాళం కప్పకు మరో లోపం కూడా ఉంది: ఇంట్లో ఎవరూ లేరని అది వీధికంతటికీ చెబుతుంది. తలుపు రెక్క మందంలో ఇమిడిపోయే మోర్టైజ్ తాళంలో ఆ ఇబ్బంది లేదు. తాళంచెవి తిప్పగానే ఉక్కు నాలుక బయటికి వచ్చి ద్వారబంధంలోని గుంటలో దిగబడుతుంది, లోపల మనిషి ఉన్నాడో లేడో బయటివారికి తెలియదు. అయితే ఆ గుంట చుట్టూ ఉన్న రేకు కూడా పొడవాటి మరలతో ద్వారబంధం లోతుల్లోకి దిగి ఉండాలి. తెలంగాణలో దర్వాజా అని పిలిచే ఈ చట్రం పాత ఇళ్లలో దిట్టమైన టేకు కాగా, కొత్త అపార్ట్‌మెంట్లలో తరచు పలుచటిది, తలుపు కూడా లోపల మెత్తటి చెక్క నింపిన ఫ్లష్ డోర్. అటువంటి తలుపుకు ఎంత గొప్ప తాళం బిగించినా చెక్కే ముందు చీలుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1627 తాళాన్ని విడిగా కాక తలుపు, చట్రం, కీలు, తాళం అన్నింటినీ కలిపి ఒకే సమూహంగా పరీక్షిస్తుంది. అందులో రెండో శ్రేణి తలుపు స్క్రూడ్రైవర్ వంటి చిన్న పనిముట్లకు 3 నిమిషాలు, మూడో శ్రేణి తలుపు గడ్డపార వంటి వాటికి 5 నిమిషాలు తట్టుకోవాలి. ఈ నిమిషాలు తక్కువగా కనబడవచ్చు గానీ, చప్పుడు చేస్తూ ఒకే తలుపు దగ్గర అంతసేపు నిలబడడానికి ఇష్టపడే దొంగలు అరుదు.

వీధి తలుపు మీద పెట్టే శ్రద్ధ వెనక తలుపు మీద, మిద్దె మీది తలుపు మీద పెట్టరు. స్నానాల గది వెంటిలేటర్‌లోని గాజు పలకలు చేత్తో జరిపి తీసేయవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఊడదీసిన కంత సన్నటి మనిషికి సరిపోతుంది. కిటికీ గ్రిల్‌ను చెక్క చట్రానికి బయటి నుంచి మరలతో బిగించినప్పుడు దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ చాలు, గోడలో పాతుకున్న గ్రిల్ అయితే కోయవలసిందే. అయితే అన్ని కిటికీలకూ కదలని గ్రిల్స్ బిగించిన ఇల్లు అగ్నిప్రమాదంలో బోనుగా మారుతుంది కనుక ప్రతి అంతస్తులో కనీసం ఒక గ్రిల్ లోపలి నుంచి తెరుచుకునేలా ఉండడం అవసరం. గ్రిల్‌కో కంచెకో ఇంటి కరెంటు నేరుగా కలపడం నేరం. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో విశాలమైనదే అయినా, అవసరానికి మించిన హాని చేయడాన్ని అది అనుమతించదు. పైగా ఆ తీగకు దొంగకన్నా ముందు చిక్కేది ఇంటి పిల్లలో పశువులో కావచ్చు.

వేలిముద్ర, అంకెల సంకేతం, కార్డు, ఫోన్‌లతో తెరుచుకునే డిజిటల్ తాళాలు ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో విరివిగా వస్తున్నాయి. తాళంచెవి పోగొట్టుకునే బాధ, పనిమనిషికో డ్రైవర్‌కో నకలు తాళం ఇచ్చే అవసరం తప్పుతుంది. కానీ వీటిలో తలుపును పట్టి ఉంచేది మళ్లీ అదే ఉక్కు నాలుక, బలం కూడా దానిదే. బ్యాటరీ అయిపోతే వాడే అత్యవసర తాళంచెవిని ఇంట్లోనే బీరువాలో దాచుకోవడం తరచు జరిగే పొరపాటు.

పసిగట్టే సాధనాలు

అలారం వ్యవస్థలో సెన్సర్లు, వాటి సంకేతాలు అందుకునే ప్యానెల్, సైరన్, బయటికి కబురు పంపే సిమ్ లేదా ఇంటర్నెట్ ఉంటాయి. తలుపులకు, కిటికీలకు వాడేది మాగ్నెటిక్ సెన్సర్. చట్రంలో గాజు గొట్టంలోని రెండు సన్నటి లోహపు రేకులు, రెక్క మీద చిన్న అయస్కాంతం ఉంటాయి; తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమై రేకులు విడిపోతాయి, ప్యానెల్‌కు సంకేతం అందుతుంది. ఈ రీడ్ స్విచ్‌ను 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ కనుగొన్నాడు. ఇంతటి చవక సాధనం ఇంత నమ్మకంగా పనిచేయడం ఈ రంగంలో అరుదు.

గదిలో కదలికను పట్టేది పీఐఆర్ సెన్సర్, అంటే తాను ఏ కిరణాన్నీ వెలువరించకుండా మనిషి ఒంటి వేడిమి నుంచి వచ్చే పరారుణ కిరణాలను మాత్రమే గ్రహించే సాధనం. దాని ముందుండే తెల్లటి ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర రేకుల్లాంటి మండలాలుగా విభజిస్తుంది. వెచ్చటి శరీరం ఒక మండలం నుంచి మరో మండలంలోకి జరిగినప్పుడు లోపలి స్ఫటికంలో విద్యుత్ మార్పు కలుగుతుంది. కాబట్టి సెన్సర్‌కు అడ్డంగా నడిచేవారిని తేలిగ్గా, నేరుగా దాని వైపు వచ్చేవారిని కాస్త ఆలస్యంగా పసిగడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో గోడల వేడిమి మనిషి ఒంటి వేడిమికి దగ్గరపడినప్పుడు దీని చురుకుదనం తగ్గుతుంది. పిల్లులు తిరిగే ఇళ్లలో నేల నుంచి కొంత ఎత్తు వరకు పట్టించుకోని రకాన్ని, వరండాలకు పరారుణంతో పాటు మైక్రోవేవ్‌ను కూడా వాడి రెండూ ఒప్పుకుంటేనే మోగే రకాన్ని ఎంచుకుంటారు.

అలారాల అసలు శత్రువు తప్పుడు మోత. వారంలో మూడుసార్లు ఊరికే మోగిన సైరన్ నాలుగోసారి నిజంగా మోగినా వీధిలో ఎవరూ కిటికీ తెరవరు. ఫోన్‌కు కబురు పంపే ప్యానెళ్లలో మరో సాధారణ వైఫల్యం సిమ్‌కు రీచార్జి చేయించడం మరచిపోవడం, అది ఎవరి దృష్టికీ రాకుండా నెలలు గడుస్తాయి. ప్యానెల్‌లోని బ్యాటరీకి ఆయుర్దాయం ఉంటుంది, అది దాటితే కరెంటు పోయిన రాత్రి వ్యవస్థ మొత్తం మూగబోతుంది. నెలకొకసారి మెయిన్ ఆపి తలుపు తెరిచి చూడడం ఒక్కటే దీనికి పరీక్ష.

కెమెరాలు, రికార్డర్లు

సీసీటీవీ అంటే ప్రసారం అందరికీ కాక నిర్ణీత తెరలకు మాత్రమే చేరే టెలివిజన్. ఇళ్లలో ఇప్పుడు మూడు రకాలున్నాయి. మొదటిది కోయాక్సియల్ కేబుల్ ద్వారా దృశ్యాన్ని డీవీఆర్ అనే రికార్డర్‌కు పంపే హెచ్‌డీ అనలాగ్ కెమెరా. రెండోది నెట్‌వర్క్ తీగ మీద దృశ్యంతో పాటు విద్యుత్తును కూడా అందుకునే ఐపీ కెమెరా, దీని రికార్డర్‌ను ఎన్‌వీఆర్ అంటారు. మూడోది రెండు మూడు వేల రూపాయలకే దొరికే, మెమరీ కార్డులోనో క్లౌడ్‌లోనో దాచుకునే వైఫై కెమెరా. మూడోదాన్ని ఎవరికివారే బిగించుకోవచ్చు గనుక అదే ఎక్కువ వ్యాపించింది, అన్నింటికన్నా బలహీనమైనదీ అదే. రౌటర్‌కు కరెంటు ఆగినా, గోడ బయట వేలాడే ఫైబర్ తీగ తెగినా ఫోన్‌కు కబురు రాదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫ్యానుకు ముందు రౌటర్‌నూ రికార్డర్‌నూ దానికి కలపాలి.

కెమెరా ఎంత స్పష్టంగా చూస్తుందన్నది మెగాపిక్సెల్‌ల సంఖ్య ఒక్కదాని మీదే ఆధారపడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 ప్రకారం దృశ్యంలో మీటరు వెడల్పుకు 25 పిక్సెల్‌లు ఉంటే ఎవరో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే తెలిసిన మనిషిని పోల్చుకోవచ్చు. ఎన్నడూ చూడని వ్యక్తిని నిస్సందేహంగా గుర్తించాలంటే 250 కావాలి. 2 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం వెడల్పు 1920 పిక్సెల్‌లు, దాన్ని 250తో భాగిస్తే 7.68 మీటర్లు. అంటే చిత్రంలో అంతకన్నా వెడల్పైన ప్రదేశం పడితే ముఖం గుర్తింపుకు పనికిరాదు. సాధారణంగా బిగించే 2.8 మిల్లీమీటర్ల కటకానికి ఆ వెడల్పు మూడు నాలుగు మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. వీధి మొత్తం కనబడుతోందని యజమాని మురిసిపోయే కెమెరా, గేటు దగ్గర నిలబడినవాడి ముఖాన్ని మసకగా మాత్రమే పట్టడానికి కారణం ఈ లెక్కే. పైగా చేతికి అందకూడదని 10, 12 అడుగుల ఎత్తున బిగించిన కెమెరాకు కనబడేది మంకీ క్యాప్ పైభాగం. విశాలంగా చూసే కెమెరా పైన ఒకటి, గుమ్మం దగ్గర ముఖం ఎత్తున వీడియో డోర్ ఫోన్ వంటిది ఒకటి ఉన్న ఇంట్లో రెండు కెమెరాలతో వచ్చే ఫలితం, పైకప్పు అంచున వరసగా బిగించిన నాలుగైదింటితో రాదు.

రాత్రి దృశ్యానికి కెమెరా చుట్టూ పరారుణ దీపాలుంటాయి. 850 నానోమీటర్ల దీపాలు చీకట్లో సన్నగా ఎర్రగా కనబడతాయి, దూరం వెలుగునిస్తాయి. 940 నానోమీటర్లవి కంటికి కనబడవు గానీ వాటి వెలుగు కొద్ది దూరమే సాగుతుంది. ఈ వెలుగులో రంగులు తెలియకపోవడమే కాదు, కొన్ని నల్లటి సింథటిక్ బట్టలు తెల్లగా కనబడతాయి. దొంగ తెల్ల చొక్కా వేసుకున్నాడని ఫుటేజీ చూసి చెప్పే మాటను దర్యాప్తు అధికారులు జాగ్రత్తగా తీసుకోవడానికి కారణం ఇదే. ఆ వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు కటకం ముందు గూడు అల్లుతుంది, బల్లి కాపు వేస్తుంది. కదలిక కనబడితే ఫోన్‌కు కబురు పంపే కెమెరా ఆ రాత్రంతా బల్లి గురించే పంపుతుంది, విసిగిన యజమాని కబుర్లను ఆపేస్తాడు. మనిషి ఆకారాన్ని మాత్రమే గుర్తించే కొత్త కెమెరాలు ఈ బాధను చాలావరకు తగ్గించాయి. దానితో పాటు నెలకోసారి కటకం తుడవడం, పరారుణ దీపాన్ని కెమెరాకు కాస్త దూరంగా విడిగా పెట్టడం కూడా అంతే మేలు చేస్తాయి.

నిల్వ విషయంలోనూ చిన్న లెక్క అవసరం. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నమోదు చేసే కెమెరాకు రోజుకు దాదాపు 21.6 గిగాబైట్లు కావాలి. నాలుగు కెమెరాలకు 86.4 గిగాబైట్లు, అంటే 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్ పదకొండున్నర రోజుల్లో నిండి పాతవి చెరిగిపోవడం మొదలవుతుంది. నెల రోజులు విదేశంలో ఉండి తిరిగివచ్చిన కుటుంబం మొదటి వారంలో జరిగిన చోరీని చూడబోతే అది అప్పటికే చెరిగి ఉంటుంది. ఇక కెమెరాలు కనబడగానే దొంగలు మొదట వెతికేది రికార్డర్ కోసమే. డీవీఆర్‌ను కూడా ఎత్తుకెళ్లారన్న వార్తలు తెలుగు పత్రికల్లో మామూలైపోయాయి. హాల్లో టీవీ కింద, తీగలన్నీ దారి చూపుతుండగా ఉంచిన రికార్డర్ కంటే, తాళం వేసిన అటక అలమరాలో గాలి తగిలేలా ఉంచినది నయం. ముఖ్యమైన ఒకటి రెండు కెమెరాల దృశ్యాన్ని క్లౌడ్‌లో కూడా దాచుకోవడం ఇంకా నయం.

కెమెరాకే కాపలా

ఇంటర్నెట్‌కు కలిసిన కెమెరా ఇంటికి కిటికీ అయినట్టే బయటివారికీ కిటికీ కాగలదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం తయారీదారులిచ్చిన పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసిన కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల సంఖ్యలో లొంగదీసుకున్నది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటి చేత ఒకేసారి, వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేయించడంతో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. బిగించిన మెకానిక్ పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి కొనసాగడం, అదే పాస్‌వర్డు అతడు బిగించిన ఇళ్లన్నింటికీ ఉండడం మన దగ్గర కూడా ఉన్నదే. భారత ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో సీసీటీవీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలను నిర్బంధం చేసింది; 2025 ఏప్రిల్ 9 నుంచి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ పరీక్షలు దాటిన నమూనాలనే అమ్మాలి. విదేశీ కెమెరాల ద్వారా సమాచారం బయటికి పోతుందన్న ఆందోళన దీనికి ప్రధాన కారణం. దేశీయ తయారీ కేంద్రాల్లో పెద్దవాటిలో ఒకటి వైఎస్సార్ కడప జిల్లా కొప్పర్తిలో ఉంది, సీపీ ప్లస్ కెమెరాలు అక్కడ తయారవుతాయి.

గోప్యత, సాక్ష్యం

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సొంత గృహావసరాలకు చేసే నమోదును మినహాయించినా, పొరుగింటి పడకగది కిటికీ వైపు కెమెరా తిప్పే హక్కు దానివల్ల రాదు. ఉమ్మడి ఇంట్లో తోటి నివాసి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం గోప్యతా భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తేల్చింది. తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉన్నప్పుడు హాల్లో కెమెరా పెడతారు. ఇక్కడి అర్ధరాత్రి అక్కడ పట్టపగలు కాబట్టి నిఘాకు ఆ ఏర్పాటు అనువైనదే. కానీ అది దొంగలకోసమే కాక అమ్మానాన్నలు మందులు వేసుకున్నారా, ఎవరు వచ్చిపోతున్నారు అని చూడడానికి కూడా ఉపయోగపడుతుంది. వాకిలికి, పెరటికి కెమెరాలు పెట్టి, ఇంటి లోపల పెద్దవారు తామే నొక్కే అత్యవసర బటన్ అమర్చడం వారి మర్యాదకూ భద్రతకూ సరిపోయే మార్గం.

ఫుటేజీ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి; అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. ఇటువంటి ధ్రువపత్రం తప్పనిసరి అని పాత చట్టం కింద సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కాబట్టి చోరీ జరిగాక తెర మీది దృశ్యాన్ని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంచడం కన్నా రికార్డర్‌ను ఆపి, అందులో మరేమీ మార్చకుండా పోలీసులకు అప్పగించడం మేలు. రికార్డర్ గడియారం తప్పు చూపుతుండడం ఎదుటి పక్షం న్యాయవాదికి దొరికే తేలికపాటి ఆయుధం. నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకునే అమరికను ఆన్ చేస్తే ఆ చిక్కు ఉండదు. క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసుకునే దాకా బీరువా తలుపును సర్దకపోవడం కెమెరా లేని ఇళ్లకు కూడా వర్తించే జాగ్రత్త.

పోలీసులు, సామూహిక నిఘా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం జనం గుమిగూడే వాణిజ్య, విద్యా, ఆరోగ్య సంస్థలకు కెమెరాలను తప్పనిసరి చేసి ఫుటేజీని 30 రోజులు దాచాలని నిర్దేశించింది. ఇళ్లకు అది వర్తించకపోయినా, వీధివీధినా కెమెరాలు వెలియడానికి దారి వేసింది. హైదరాబాద్ పోలీసులు నేను సైతం పేరుతో కాలనీలు, అపార్ట్‌మెంట్లు, దుకాణాల చేత సొంత ఖర్చుతో వీధివైపు కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమీకృత కమాండ్ కంట్రోల్ సెంటర్ ఇటువంటి దృశ్యాలను ఒకచోట చూసే ఏర్పాటు. దొంగను పట్టుకోవడంలో చోరీ జరిగిన ఇంటి కెమెరా కన్నా, అతడు వచ్చిన బండి వెళ్లిన దారిలోని పది వీధుల కెమెరాలు ఎక్కువ ఉపయోగపడుతున్నాయన్నది దర్యాప్తుల తీరు చూస్తే అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం తెచ్చిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం (ఎల్‌హెచ్‌ఎంఎస్) ఈ వ్యాసం ఆరంభంలో చెప్పిన సూత్రానికి దగ్గరగా వచ్చిన ప్రయోగం. ఊరు వెళ్లేవారు యాప్‌లో ముందుగా నమోదు చేసుకుని తేదీలు తెలిపితే పోలీసులు ఇంట్లో కదలికను పట్టే కెమెరాను ఉచితంగా అమరుస్తారు; లోపల కదలిక కలగగానే కంట్రోల్ రూంకు హెచ్చరిక అందుతుంది, గస్తీ బృందం బయలుదేరుతుంది. ఇక్కడ కెమెరా నమోదు కోసం కాక స్పందన కోసం పనిచేస్తుంది. అయితే వాడేవారు తక్కువైతే ఏ పథకమూ ఫలించదు. ఇల్లు ఖాళీ అని పోలీసులకు చెప్పడానికి కూడా జంకేవారు ఉండడం దీని వ్యాప్తికి అడ్డు.

ఫలితాల మీద పరిశోధన

ఏ సాధనం నిజంగా పనిచేస్తుందన్న దానిపై గట్టి ఆధారం నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 1999 నుంచి ఆ దేశం కొత్తగా కట్టే ఇళ్లన్నింటికీ చోరీని తట్టుకునే తలుపులు, కిటికీలు తప్పనిసరి చేసింది. ఆ నిబంధన ప్రభావాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు వోలార్డ్, వాన్ ఆవర్స్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త ఇళ్లలో ఏటా చోరీకి గురయ్యే అవకాశం 1.1 శాతం నుంచి 0.8 శాతానికి, అంటే నాలుగో వంతు మేర తగ్గినట్లు తేల్చారు. బ్రిటన్‌లో ఆండ్రోమాకీ సెలోనీ బృందం పరిశీలనలో కిటికీ తాళాలు, తలుపుకు గట్టి తాళాలు, లోపలి దీపాలు, బయటి సెన్సర్ దీపాలు కలిసి ఉన్న ఇళ్లే ఎక్కువ సురక్షితమని, అలారం ఒక్కటే ఉంటే పెద్ద ప్రయోజనం లేదని వెల్లడైంది. బహిరంగ ప్రదేశాల సీసీటీవీ గురించి 40 ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువడిన సమీక్ష నేరాలు సగటున 13 శాతం తగ్గినట్లు, ఆ ప్రభావం వాహనాల పార్కింగ్ స్థలాల్లో అన్నింటికన్నా ఎక్కువగా ఉన్నట్లు చెప్పింది. ఒకసారి చోరీ జరిగిన ఇంట్లో మళ్లీ జరిగే అవకాశం ఎక్కువని ఇంగ్లండులోని కిర్క్‌హోల్ట్ ప్రాంతంలో 1980ల చివర జరిగిన ప్రయోగం చూపింది కాబట్టి, దొంగలు పడిన ఇంటి తలుపు మరమ్మతును మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు.

భారతీయ ఇళ్లకు ఈ లెక్కలను యథాతథంగా అన్వయించలేం. ఇక్కడ పోయేది ఎక్కువగా బంగారం, అదీ బీరువాలో, దాని తాళంచెవి అదే గదిలో పరుపు కిందనో చీరల మడతల్లోనో. ఉక్కు బీరువా ఇనప్పెట్టె కాదు, దాని రేకు పలుచన, గడ్డపారకు నిమిషాల్లో లొంగుతుంది. గోడలోనో నేలలోనో బోల్టులతో బిగించిన చిన్న ఇనప్పెట్టె దానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజూ వాడని నగలకు బ్యాంకు లాకర్ మార్గం. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, దోపిడీ వంటి కారణాలతో లాకర్‌లోని సొత్తు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే పరిమితం, లాకర్ గది ఫుటేజీని 180 రోజులు దాచాలి. అద్దె 3,000 రూపాయలైతే ఆ పరిమితి 3 లక్షలు, నేటి ధరల్లో ఒక చిన్న హారానికి కూడా చాలదు. అందువల్ల విలువ ఎక్కువైన చోట గృహ బీమా తీసుకుంటారు. అయితే చోరీ బీమా పాలసీలు చాలావరకు బలప్రయోగంతో చొరబడిన ఆనవాళ్లు అడుగుతాయి. తెరిచి ఉన్న తలుపు గుండానో, చెప్పుల స్టాండులో దాచిన తాళంచెవితోనో దొంగ లోపలికి వస్తే అటువంటి పాలసీ కింద పరిహారం దక్కడం కష్టం.